కాలేజీ ల్యాబ్‌లో నడిచిన సీ ప్రోగ్రాం ఇంటి ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ ఎందుకు ఇస్తోంది?

మెయిన్ కింద రాసిన డిస్‌ప్లే ఫంక్షన్‌కి కాలేజీలో వార్నింగ్ మాత్రమే వచ్చిందని, ఇంట్లో 'ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్' అని ఎర్రరే వస్తోందని అడిగారు. మీ కోడ్ అదే, దాన్ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ వేరు. కర్నూలు బి క్యాంపులో సాయంత్రాలు సీ ట్యూషన్ చెప్తాను. కొత్త ల్యాప్‌టాప్ కొన్న పిల్లలు ఎక్కువగా పట్టుకొచ్చేది ఈ ఎర్రరే.

కంపైలర్ ఫైలును పైనుంచి కిందికి చదువుతుంది. మెయిన్‌లో డిస్‌ప్లే పేరు తగిలేసరికి కింద ఏముందో దానికింకా తెలీదు. 1989 నాటి సీ స్టాండర్డ్ (భాష నియమాలు) ప్రకారం 'ఇంట్, అంటే పూర్ణాంకం, తిరిగిచ్చే ఫంక్షనేమోలే' అనుకుని ముందుకు పోయేది. 1999 స్టాండర్డ్‌లో ఆ వెసులుబాటు తీసేశారు. అయినా జీసీసీ అనే కంపైలర్ చాలా ఏళ్లు వార్నింగ్‌తో వదిలేసింది. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి అది ఎర్రర్ అయింది. మీ ల్యాబ్‌లో అంతకన్నా పాతది ఉండి ఉంటుంది.

చేయాల్సింది చిన్న పనే. ఫంక్షన్ మొదటి లైనును మెయిన్‌కి పైన రాసి చివర సెమీకోలన్ పెట్టండి. దీన్నే డిక్లరేషన్ అంటారు.

ఎర్రర్‌ను మళ్లీ వార్నింగ్‌గా మార్చే ఆప్షన్ ఉందని ఎవరైనా చెప్తారు, దాని జోలికి పోవద్దు. సగటు లెక్కేసే ఫంక్షన్ వేరే ఫైల్లో ఉండి డబుల్, అంటే దశాంశ సంఖ్య, తిరిగిస్తోందనుకోండి. ఇక్కడ కంపైలర్ ఇంట్ అనుకుంటుంది. ప్రోగ్రాం నడుస్తుంది, సగటు మాత్రం ఏదో చెత్త నంబర్ వస్తుంది. లాజిక్‌లో రాత్రంతా వెతికినా తప్పు దొరకదు. ఆ టెన్షన్ కన్నా ఈ ఎర్రరే మేలు.

జిరాక్స్ నోట్సులో చూసి స్క్రీన్ తుడిచే సీఎల్ఆర్ఎస్‌సీఆర్ పెట్టుంటే ఆ లైను కొట్టేయండి. అది టర్బో సీ అనే పాత కంపైలర్ కాలం నాటిది, స్టాండర్డ్ సీలో లేదు. దానికి మీరే డిక్లరేషన్ రాసినా కంపైలర్ ఊరుకుంటుందేమో గానీ, తర్వాత ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం తయారుచేసే లింకర్ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటుంది. అంటే పేరు చెప్పారు, అసలు ఫంక్షన్ ఎక్కడా లేదని. లినక్స్‌లో వర్గమూలం ఫంక్షన్‌కి ఇదే మెసేజ్ వస్తే మాత్రం పైన ఇంక్లూడ్ చేసే మ్యాథ్ హెడర్ ఒక్కటే చాలదు, కంపైల్ కమాండ్ చివర హైఫన్ ఎల్ఎం (-lm) కూడా చేర్చాలి.

ఇంకో మాట, స్క్రీన్ నిండా ఎర్రర్లొస్తే అన్నీ చదవకండి. పైనున్న మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి, చాలాసార్లు మిగతావి వాటంతటవే పోతాయి.