హెడ్డాఫీసు కొని పంపాలా, అక్కడే కొనుక్కోమనాలా? నా 28 ల్యాప్‌టాప్‌ల కథ

అడిగిన ప్రశ్న: "మాకు ఐదు దేశాల్లో ఆఫీసులున్నాయి. ల్యాప్‌టాప్‌లు, నెట్‌వర్క్ సామాను హెడ్డాఫీసే ఒకేసారి కొని పంపితే మేలా, ఎవరికి వాళ్లను అక్కడే కొనుక్కోమంటే మేలా?"

అక్కడే కొనుక్కోమనండి. ఏ మోడల్, ఎంత మెమరీ, ఎన్నేళ్ల వారంటీ అన్నది మీరు చెప్పండి. బిల్లు మాత్రం ఆ దేశంలోనే పడాలి. ఒకసారి చేతులు కాలినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

అప్పట్లో మా కంపెనీ బ్రెజిల్‌లోని సావో పాలోలో కొత్త టీమ్ పెట్టింది. 28 మంది. అన్నీ ఒకే ఆర్డర్‌లో కొంటే ఎంత డిస్కౌంట్ వస్తుందో మా పర్చేజ్ వాళ్లు ఎక్సెల్ షీట్‌లో లెక్కేసి చూపించారు. (ఆ షీట్లలో డిస్కౌంట్‌కి కాలమ్ ఉంటుంది. గోడౌన్ అద్దెకి, ఖాళీగా కూర్చున్న మనుషుల జీతాలకి ఉండదు. ఏ కంపెనీలోనూ చూడలేదు నేను.) 28 డబ్బాలూ నా టేబుల్ చుట్టూ దించారు. మూడు రోజులు కూర్చుని ఒక్కోటీ విప్పి, విండోస్ వేసి, అడుగున కంపెనీ స్టిక్కర్ అతికించి, మళ్లీ టేపు వేసి పంపాను. అక్కడివాళ్లు మూత తెరవగానే పని మొదలుపెట్టేయాలని నా ఉబలాటం.

ఆ స్టిక్కరే కొంప ముంచింది.

సరుకు కస్టమ్స్‌లో ఆగింది. దిగుమతిదారు ఎవరన్నది మొదటి ప్రశ్న. అక్కడ కంపెనీ పేరు మీద సరుకు దించుకోవాలంటే సీఎన్‌పీజే అనే పన్ను నంబరొక్కటే చాలదు, రాడార్ అనే నమోదు కూడా ఉండాలి. మొదటిది మాకుంది. రెండోదాని పేరే ఎవరూ వినలేదు. దానికోసం తిరుగుతుండగా వాళ్లు డబ్బాలు తెరిచారు. టేపు రెండోసారి వేసినట్టుంది, లోపల స్టిక్కరుంది. "ఇవి వాడినవేగా?" అన్నారు. వాడిన యంత్రాలు దించుకోవాలంటే ముందే లైసెన్స్ తీసుకోవాలి, అది తేలిగ్గా ఇవ్వరు. కొత్తవేనని నిరూపించడానికి నేను ఇన్వాయిస్‌లు, సీరియల్ నంబర్లు పంపుతూనే ఉన్నాను, గోడౌన్ అద్దె పెరుగుతూనే ఉంది. పన్నులు సరేసరి. 1996లో కుదిరిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ఐటీ ఒప్పందంలో ఉన్న దేశాలు ల్యాప్‌టాప్‌ల మీద మామూలు కస్టమ్స్ సుంకం వేయబోమని ఒప్పుకున్నాయి. బ్రెజిల్ అందులో లేదు. దిగుమతి సుంకం, దాని మీద ఐపీఐ, పిస్, కోఫిన్స్ అనే కేంద్ర పన్నులు, పైన ఐసీఎంఎస్ అనే రాష్ట్ర పన్ను. ఈ చివరిదాన్నైతే ఆ పన్ను కూడా కలిపిన ధర మీద లెక్కేస్తారు! షీట్లోని డిస్కౌంట్ అక్కడే ఆవిరైంది.

ఈలోగా సావో పాలో టీమ్ పనిలో చేరాల్సిన సోమవారం రానే వచ్చింది. 28 మందీ రెండు రోజులు ఫోన్లలో ట్రైనింగ్ వీడియోలు చూశారు. మూడో రోజు సాయంత్రం అక్కడ అడ్మిన్ పనులు చూసే ఆవిడ ఎవర్నీ అడక్కుండా డీలర్ దగ్గరికెళ్లి, సొంత కార్డు మీద పది ల్యాప్‌టాప్‌లు తెచ్చేశారు. రాత్రికి నాకు ఫోన్. ఒక్కో ల్యాప్‌టాప్‌నూ గుర్తుపట్టే హార్డ్‌వేర్ హ్యాష్ అనే ఫైల్ ఎలా తీయాలో చెప్పాను, పంపారు, ఆటోపైలట్‌లో (ల్యాప్‌టాప్‌లను ఇంటర్నెట్ ద్వారానే సిద్ధం చేసే మైక్రోసాఫ్ట్ సర్వీసు) ఎక్కించాను. పొద్దున్నే వాళ్లు లాగిన్ అవగానే మా సెట్టింగులన్నీ వాటంతటవే దిగిపోయాయి. నా మూడు రోజుల చాకిరీ అసలు అక్కర్లేనిదన్నమాట. పైగా వాటి కీబోర్డు మీద పోర్చుగీసుకి కావాల్సిన, కింద తోకున్న సీ అక్షరం ఉంది.

కీబోర్డు చిన్న విషయమనుకోకండి. ఫ్రాన్స్ కీబోర్డులో అంకె కొట్టాలంటే షిఫ్ట్ నొక్కాలి, జర్మనీ దాంట్లో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. "అమెరికన్ కీబోర్డే ఇవ్వండి, అలవాటైపోతుంది" అనే మేనేజర్ల చేత ఓ నెల ఫ్రెంచి కీబోర్డు మీద మెయిళ్లు కొట్టించాలి.

ఆవిడకు దక్కిందేమిటంటారా? అనుమతి లేని వెండర్ దగ్గర ఎందుకు కొన్నారో సంజాయిషీ ఇవ్వమని హెడ్డాఫీసు నుంచి మెయిల్. డబ్బు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ మెయిల్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఎవరిష్టం వాళ్లదైతే సపోర్ట్ ఎలా?" అంటారు. రెండు మోడళ్లు ఖాయం చేసి, అవే కొనమనండి. ధర కూడా మీరే బేరమాడండి, పెద్ద తయారీదారులకు చాలా దేశాల్లో సొంత శాఖలుంటాయి, అక్కడి శాఖ చేతే బిల్లు వేయించండి. కాస్త ఎక్కువైతే కానివ్వండి. రూల్స్ ఎప్పుడు మారతాయో మీ చేతిలో లేదు. 2023 ఆగస్టు 3న భారత్ ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్స్ తప్పనిసరి అని ప్రకటించి, మర్నాడే అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. అలాంటి రోజున మీ సరుకు దారిలో ఉంటే ఎంత టెన్షనో ఆలోచించండి. ఆఫీసులో వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లయితే మరీను. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అమెరికాలో 11 ఛానళ్లు, యూరప్‌లో 13. ఏ దేశపు రకం ఆ దేశంలోనే కొనాలి.

ఆ 28 పదకొండు వారాలకు బయటపడ్డాయి. అప్పటికి టీమ్ మొత్తానికీ అక్కడ కొన్నవే ఉన్నాయి. ఒక్కో డబ్బాలో నేను మర్చిపోకుండా ప్లగ్ కన్వర్టర్ కూడా పెట్టాను. అవి జర్మనీ రకం. సావో పాలో గోడల్లోకి దూరలేదు.