పేరు తక్కువొచ్చిన రాక్ గిటారిస్టులంటే నాకు ముందు గుర్తొచ్చేది మాల్కమ్ యంగ్

రాక్ గిటారిస్టుల్లో రావాల్సినంత పేరు ఎవరికి రాలేదు, వాళ్ల వాయింపు ఎందుకు గుర్తుండిపోతుంది అని అడిగారు. ఎవరి జాబితా వాళ్లకుంటుంది. నా జాబితాలో మొదటి పేరు ఏసీ/డీసీ బ్యాండ్‌లో రిథమ్ గిటార్ (పాటకి తాళంలా నడిచే వెనకటి గిటార్) వాయించిన మాల్కమ్ యంగ్. ఆయన గొప్పతనం నాకు వింటే తెలియలేదు, వాయించబోయి బోల్తా పడ్డాక తెలిసింది.

ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీ ఫెస్ట్ కోసం నలుగురం కలిసి బ్యాండ్ కట్టాం. 1980లో వచ్చిన ఏసీ/డీసీ పాట 'బ్యాక్ ఇన్ బ్లాక్' వాయిద్దామనుకున్నాం. సోలోలు దంచే కుర్రాడు వేరే ఉన్నాడు కాబట్టి అతను ఆంగస్ యంగ్ (మాల్కమ్ తమ్ముడు, ఆ బ్యాండ్‌లో సోలోలు వాయించేవాడు) అయ్యాడు. రిథమ్ నా నెత్తిన పడింది. మొదట కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం. ఆ పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలో, అంటే రిఫ్‌లో, ఉన్నవి మూడే కార్డులు (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు): ఇ, డి, ఎ. గిటార్ పట్టిన రెండో నెలకల్లా ఎవరికైనా వచ్చేస్తాయి. ఒక్క సాయంత్రం చాలనుకున్నాను.

మా డ్రమ్మర్ వాళ్ల డాబా మీద గదిలో ప్రాక్టీసు. ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాం. ఘోరం. ఎక్కడా తప్పు కార్డు పడలేదు, అయినా అది ఆ పాటలా లేదు. డ్రమ్మర్ రెండుసార్లు విని, "ఒరేయ్, ఆగాల్సినచోట నీ గిటార్ ఆగట్లేదురా" అన్నాడు.

నిజమే. ఆ రిఫ్‌లో ఇ కార్డు ఒక్క దెబ్బ పడుతుంది, వెంటనే ఖాళీ. ఆ ఖాళీలో డ్రమ్స్ ఒక్కటే నడుస్తుంటాయి. తర్వాత డి, ఆపైన ఎ. దెబ్బ పడిన క్షణమే రెండు చేతులతో తీగల్ని నొక్కి నోరు మూయించాలి. నేనేమో రాక్ అంటే డిస్టార్షనే (గిటార్‌కి వచ్చే గరగర) కదా అని, దాన్ని పెంచే గెయిన్‌ని పెడల్ మీద చివరిదాకా తిప్పి కూర్చున్నాను. చెయ్యి తీసినా తీగలు గుయ్యిమంటూనే ఉన్నాయి. గెయిన్ సగానికి పైగా తగ్గించాక ఇంకో బండారం బయటపడింది: నా కుడిచెయ్యి ఒకసారి తాళానికి ముందుంటోంది, ఇంకోసారి వెనకబడుతోంది. అంతకుముందు ఆ హోరులో అదేమీ వినబడలేదు. మూడు కార్డులకి మూడు వారాలు పట్టింది.

మాల్కమ్ ఎప్పుడూ అలాగే వాయించేవాడని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆంప్లిఫయర్ మీద జనం ఊహించుకునేంత డిస్టార్షన్ ఉండదు. గిటార్‌కి మందపాటి తీగలు వేసి, గట్టిగా, శుభ్రంగా కొట్టేవాడు. ఆ గిటార్ 1963 నాటి గ్రెట్ష్ కంపెనీది. ఈజీబీట్స్ బ్యాండ్‌కి చెందిన హ్యారీ వాండా దగ్గర్నుంచి వచ్చింది. దాని ఎర్రరంగు గీకేసి, తీగలు కింద ఆనే బ్రిడ్జి దగ్గరున్న ఒక్క పికప్ (తీగల శబ్దాన్ని అందుకునే భాగం) మాత్రం ఉంచి మిగతాది పీకేశాడు. పీకినచోట గొయ్యి అలాగే ఉండిపోయింది. ఫోటోల్లో చూడండి, గిటార్ కొనుక్కోలేని మనిషి చేతిలో ఉన్నట్టుంటుంది.

వేదిక మీద ఆయన స్థానం వెనకాల, డ్రమ్స్ పక్కన. కోరస్ పాడటానికి మైకు దగ్గరికొచ్చి, పాడేసి మళ్లీ వెనక్కి పోయేవాడు. ముందు స్కూలు యూనిఫాంలో తమ్ముడు ఆంగస్ చిందులేస్తుంటే వెనకున్న అన్నని ఎవరు చూస్తారు? మన పెళ్లిమేళంలోనూ అంతే. సన్నాయి వాయించే ఆయన్ని ఊరంతా చూస్తుంది, పక్కన శ్రుతి పట్టుకున్న మనిషి మొహం ఎవరికీ గుర్తుండదు. కాకపోతే ఏసీ/డీసీలో శ్రుతీ మాల్కమే, సగం డోలూ మాల్కమే. 1973లో సిడ్నీలో ఆ బ్యాండ్ మొదలుపెట్టింది కూడా ఆయనే.

చివరి టూర్‌కల్లా జ్ఞాపకశక్తి తగ్గిపోతూ వచ్చింది. తను కట్టిన రిఫ్‌లనే మళ్లీ నేర్చుకుని వేదికెక్కాడు. 2014లో బ్యాండ్ వదిలేశాడు, 2017 నవంబరులో పోయాడు. ఆయన చోటులోకి వచ్చింది వాళ్ల అన్న కొడుకు స్టీవీ.

మా ఫెస్ట్ సంగతంటారా, చప్పట్లన్నీ సోలో కుర్రాడికే. డ్రమ్మర్ మాత్రం కిందికి దిగాక నాకు సమోసా కొనిపెట్టాడు.

రెండో పేరు 'ది పోలీస్' అనే రాక్ బ్యాండ్ గిటారిస్టు ఆండీ సమ్మర్స్. ఇక్కడ నా చిటికెన వేలి సాక్ష్యం ఉంది. 1983లో వచ్చిన వాళ్ల పాట 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' మీరు వినే ఉంటారు. మామూలు కార్డులో స, గ, ప ఉంటాయి. ఈయన స, ప మీటి, పై స్థాయి రి మీదికెళ్లి, తర్వాత దాని పక్కనే గ ముట్టుకుంటాడు. ఆ రి వల్లే పాట తీపిగా వినిపిస్తూనే ఎక్కడో మనసు కుదురుగా ఉండనివ్వదు. మొదటి కార్డుకి చూపుడు వేలు ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డగీతల మధ్య గడి) మీద, చిటికెన వేలు తొమ్మిదో ఫ్రెట్ మీద ఉండాలి. అది ఎలాగో పట్టాననుకుంటే రెండో కార్డు రెండో ఫ్రెట్ దగ్గర. అక్కడ ఫ్రెట్లు ఇంకా వెడల్పు. నెలరోజులు అరచేయి పక్కన నొప్పి. ఆయన మాత్రం ఒక్క టేక్‌లో వాయించి పక్కన పెట్టాడట. పాట రాసినవాడిగా పేరు ఆ బ్యాండ్ గాయకుడు స్టింగ్ ఒక్కడిదే. 1997లో రాపర్ పఫ్ డాడీ తన పాటకి వాడుకున్నదీ ఆ గిటారే, దాని రాయల్టీలు వెళ్లిందీ స్టింగ్‌కే. చట్టం ప్రకారం సరే కావచ్చు, నాకైతే మింగుడుపడదు.

మూడో పేరు పీటర్ గ్రీన్. ఈయన గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే ఆయన్ని వాయించే ధైర్యం నేను చెయ్యలేదు. 1967లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్ పెట్టింది ఆయనే. పేరేమో తనది పెట్టుకోకుండా డ్రమ్మర్‌దీ, బాస్ వాయించేవాడిదీ కలిపి పెట్టాడు. 1970లో వెళ్లిపోయాడు. తర్వాత బ్యాండ్‌కి కోట్లలో అభిమానులు వచ్చారు, వాళ్లలో చాలామందికి ఈయన పేరే తెలియదు. 1968 నాటి 'ఆల్బట్రాస్' రాత్రిపూట దీపం ఆర్పేసి వినండి. అందులో మాటల్లేవు, తొందర అసలే లేదు.

మాల్కమ్‌ని వినాలంటే మాత్రం హెడ్‌ఫోన్స్ కావాలి. 'బ్యాక్ ఇన్ బ్లాక్'లో అన్నదమ్ముల గిటార్లు చెరో చెవిలో ఉంటాయి. కార్డుల మధ్యలో ఒక చిన్న పలుకు దిగుతుంది చూడండి, అది వచ్చే వైపు ఆంగస్. ఆ హెడ్‌ఫోన్ తీసేసి రెండో చెవితో వినండి.