మగవాళ్ల టోర్నీలో కట్ (మొదటి రెండు రౌండ్ల తర్వాత వెనకబడినవాళ్లని ఇంటికి పంపేసే గీత) కూడా దాటని అనికా సోరెన్‌స్టామ్‌ని అంత గొప్ప గోల్ఫర్ అని ఎందుకంటారు?

ప్రశ్న అడిగినవారు ఏమీ అనుకోకండి గానీ, వెనకాల పదిమంది మగవాళ్లు చేతులు కట్టుకుని చూస్తుంటే మీరెప్పుడైనా ఏదైనా పని చేశారా? నేను చేశా.

పోయిన డిసెంబర్‌లో మా టీమ్ అవుటింగ్ అని గచ్చిబౌలి వైపు ఒక డ్రైవింగ్ రేంజ్‌కి, అంటే గోల్ఫ్ బంతులు కొట్టడం ప్రాక్టీస్ చేసే చోటుకి వెళ్లాం. శనివారం పొద్దున్నే బయల్దేరినా కూకట్‌పల్లి నుంచి గంటంబావు పట్టింది, ఆ ట్రాఫిక్ గురించి మొదలుపెడితే ఈ జవాబు అక్కడే అయిపోతుంది. చేతికి సెవెన్ ఐరన్ అనే గోల్ఫ్ కర్ర ఇచ్చారు, పక్కన బకెట్ నిండా బంతులు. క్రికెట్‌లోలా ఎవరూ మన మీదికి విసరరు, బంతి కదలకుండా కాళ్ల దగ్గరే ఉంటుంది, దాన్ని కొట్టడం ఎంతసేపు అనుకున్నా. మొదటిసారి ఊపితే గాలికి తగిలింది. రెండోసారి మ్యాట్‌కి తగిలి మోచేతులదాకా జివ్వుమంది. మూడోసారి బంతి కదిలింది, సిగ్గుపడ్డట్టు నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో పెద్దాయన, మా ఆఫీసువాడు కూడా కాదు, "తల ఎత్తకండి మేడమ్" అన్నాడు. తర్వాత "మోచెయ్యి మేడమ్". తర్వాత "కొంచెం మోకాళ్లు వంచండి మేడమ్". పక్క మ్యాట్ మీద మా మేనేజర్ నాకంటే ఘోరంగా ఆడుతున్నాడు, ఆయనకి మాత్రం ఒక్క సలహా లేదు! మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు రివర్స్ తీస్తున్నా ఇదే గోల, వాచ్‌మన్, ఇస్త్రీ అతను, రెండో ఫ్లోర్ అంకుల్, అందరూ వచ్చి చేతులూపుతూ "కట్ కొట్టండి, కట్ కొట్టండి" అనేవాళ్లే. పదిహేనేళ్లుగా నడుపుతున్నానండీ బాబూ.

ఆ రాత్రి ఇంటికొచ్చి అనికా వీడియో వెతికి చూశా. 2003 మే, టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో కలోనియల్ టోర్నీ. 1945లో బేబ్ జహారియాస్ ఆడాక మగవాళ్ల పెద్ద గోల్ఫ్ పోటీలైన పీజీఏ టూర్‌లో మళ్లీ ఒక ఆడమనిషి దిగడం అదే. అనికాకి ఇక్కడేం పని అని కొందరు ఆటగాళ్లు పేపర్లకెక్కి మరీ అన్నారు. పదో హోల్ దగ్గర మొదలుపెట్టింది, చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. ఫోర్ వుడ్ అనే కర్రతో కొడితే బంతి వెళ్లి ఫెయిర్‌వేలో, అంటే పడాల్సిన నున్నటి గడ్డి దారిలో పడింది. నాకు ఆ షాట్ కంటే ఆ తర్వాత వచ్చేదే నచ్చింది: హమ్మయ్య అన్నట్టు కాళ్లు తడబడేలా నటిస్తూ నవ్వింది.

రెండు రౌండ్ల స్కోర్లు 71, 74 (గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ దెబ్బలైతే అంత గొప్ప). నాలుగు స్ట్రోకుల తేడాతో కట్ పోయింది, నిజమే. మీరు అక్కడే టీవీ కట్టేశారు. ఆవిడ మాత్రం అదే జూన్‌లో ఆడవాళ్ల టూర్ ఎల్‌పీజీఏ వాళ్ల చాంపియన్‌షిప్, ఆగస్టులో ఆడవాళ్ల బ్రిటిష్ ఓపెన్ గెలిచేసింది. అంతకు రెండేళ్ల ముందే ఫీనిక్స్‌లో ఒక రౌండ్ 59లో ముగించింది, 13 బర్డీలు (హోల్‌కి ఉన్న లెక్క కంటే ఒక దెబ్బ తక్కువ), ఒక్క బోగీ (ఒక దెబ్బ ఎక్కువ) లేదు. 2008లో ఆట మానేసేసరికి ఎల్‌పీజీఏ టైటిళ్లు 72, వాటిలో మేజర్లు, అంటే అన్నిటికంటే పెద్ద టోర్నీలు, 10. సరే, ఆ వారం కలోనియల్‌లో కట్ పోగొట్టుకున్న మగవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం.

ఇదే మనిషి చిన్నప్పుడు స్వీడన్‌లో గెలిస్తే అందరి ముందూ మాట్లాడాల్సి వస్తుందని భయపడి, చివర్లో కావాలని పుట్‌లు (బంతిని గుంతలోకి నెట్టే చిన్న దెబ్బలు) తప్పించి రెండో స్థానంతో సరిపెట్టుకునేదట. నాకిది బాగా అర్థమవుతుంది, ఇప్పటికీ ఆఫీసులో డెమో ఇవ్వమంటే నాకు ముందురోజు నుంచే జలుబు మొదలవుతుంది.

ఇంతకీ నా బకెట్ సంగతి చెప్పలేదు. అడుగున నాలుగైదు బంతులు మిగిలాయనగా ఒకటి ఠక్‌మని తగిలి తిన్నగా లేచింది, వందో గజం బోర్డు దాటి పడింది. వెంటనే వెనక్కి తిరిగా. ఆ పెద్దాయన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ పార్కింగ్ వైపు వెళ్లిపోతున్నాడు.