టెక్ సందేహాలు: పాత ఏటీవీకి పార్టు కొనే ముందు మీటరు పెట్టండి

ప్రశ్న: మా పాత ఏటీవీని (ఎగుడుదిగుడు నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి) ఆరు నెలలు కదపలేదు. ఇప్పుడు చోక్ లాగితే స్టార్ట్ అవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. కొత్త కార్బ్యురేటర్ తెప్పించమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. చోక్ మీద మాత్రమే నడుస్తోందని మీరు రాసిన ఆ ఒక్క మాటలోనే సగం జవాబు ఉంది. చోక్ లాగితే గాలి-పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. అప్పుడే ఇంజిన్ నిలబడుతోందంటే, మామూలుగా అందవలసిన పెట్రోలు అందడం లేదన్నమాట. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది జిగురుగా మారుతుంది. ఆ జిగురు ముందుగా మూసేది పైలట్ జెట్‌నే, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే సన్నని రంధ్రపు ముక్కను.

ముందు ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, పెట్రోలును గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీరు విడిగా తేరుకున్నా, రంగు ముదురు గోధుమగా ఉన్నా ట్యాంకు కూడా ఖాళీ చేయాల్సిందే. ఈ పని ఆరుబయట, ఇంజిన్ చల్లారాకే చేయండి.

తర్వాత బౌల్ విప్పి పైలట్ జెట్ బయటికి తీయండి. దాని రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గుండ్రటి చుక్క స్పష్టంగా కనిపించాలి. మసకగా, వంకరగా కనిపిస్తే జిగురు ఇంకా ఉన్నట్లే. సూదితో మాత్రం పొడవకండి. జెట్‌ను ఇత్తడితో చేస్తారు, రంధ్రం ఇట్టే పెద్దదవుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, గాలితో ఊదితే చాలు. మొండిగా పట్టేస్తే ఆ ఒక్క జెట్ మార్చండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. జపాన్ తయారీ బండ్ల స్క్రూలు చూడటానికి ఫిలిప్స్‌లా ఉంటాయి కానీ చాలావరకు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోతే సగం రోజు వృథా. మిశ్రమం సర్దే స్క్రూను విప్పే ముందు, మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసిపెట్టుకోండి. బిగించేటప్పుడు ఆ లెక్కే ఆధారం.

జెట్ శుభ్రంగా ఉండి కూడా తీరు మారకపోతే, కార్బ్యురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం పగిలిందేమో చూడండి. చౌక కార్బ్యురేటర్లలో జెట్ల కొలతలు మీ బండికి సరిపోతాయన్న నమ్మకం లేదు. అందుకే పాత ఒరిజినల్ బాడీకి కొత్త గ్యాస్కెట్లు వేసుకోవడమే మేలంటాను.

ప్రశ్న: రెండో బ్యాటరీ కూడా వారానికే దిగిపోయింది. లోపం ఎక్కడ?

జవాబు: మూడో బ్యాటరీ కొనకండి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొనండి. బాగా చార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల పైన చూపాలి. ఇంజిన్ వేగం కాస్త పెంచితే 13.5 నుంచి 14.5 దాకా ఎక్కాలి. 15 దాటితే, చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచాల్సిన రెగ్యులేటర్ బ్యాటరీని ఉడికించేస్తోంది. అసలు ఎక్కకపోతే చార్జింగ్ అందడం లేదు.

ఎక్కని పక్షంలో స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్టలు) నుంచి వచ్చే కనెక్టర్ విప్పి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరిగినట్లుంటే చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. చాలా బండ్లలో అక్కడ ఒకే రంగు వైర్లు మూడు ఉంటాయి. మీటరును ఏసీ వోల్టుల కొలతలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా రెండేసి వైర్ల మధ్య కొలవండి. మూడు జతలూ దాదాపు సమానంగా చూపాలి. ఇంజిన్ ఆపాక, ఏ వైరుకూ ఇంజిన్ బాడీతో విద్యుత్ కలయిక (కంటిన్యుటీ) ఉన్నట్లు మీటరు చూపకూడదు. ఇవి సరిగా ఉంటేనే రెగ్యులేటర్‌ను అనుమానించండి. ఫ్రేముకు బిగించిన ఎర్తు బోల్టు తుప్పును గీకడం మాత్రం మరచిపోవద్దు.

ప్రశ్న: కార్లకు వాడే స్కానర్, ఫోన్ యాప్ దీనికి పనిచేస్తాయా?

జవాబు: కార్బ్యురేటర్ బండిలో స్కానర్‌కు కోడ్లు చెప్పే కంప్యూటరే ఉండదు. మీకు కావలసింది సర్వీస్ మాన్యువల్. ఉత్తర అమెరికా మార్కెట్ కోసం చేసిన బండికి 17 అక్షరాల ఫ్రేమ్ నంబరు ఉంటే, పదో అక్షరం మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. మాన్యువల్, పార్టు నంబర్లు దాని ప్రకారమే వెతకండి. ఒకే పేరుతో వచ్చిన బండికి కూడా ఏడాది మారితే పార్టు మారవచ్చు. ఫోన్‌తో చేయాల్సిన పని వేరే ఉంది: ప్రతి వైరు, గొట్టం విప్పే ముందు ఫొటో తీయండి. బ్రేకులు విప్పాల్సి వస్తే మాత్రం, మాన్యువల్ చదివి పూర్తిగా అర్థమయ్యాకే చేయి వేయండి.