లేత్ కొనే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 34. లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషీన్) షాపులో పని, నెలకు 24 వేలు. ఇంటి ఖర్చు 18 వేలు. సొంత షెడ్డు పెట్టి బోరు మోటార్లకు ఇత్తడి, గన్‌మెటల్ బుష్‌లు (మోటారు ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు) చేసి ఇవ్వాలనుకుంటున్నాను. పాత లేత్, బుష్‌లు నొక్కి ఎక్కించే హైడ్రాలిక్ ప్రెస్ కలిపి 4.5 లక్షలు. దాచుకున్నవి 1.2 లక్షలు. భార్య నగలు బ్యాంకులో పెడితే 1.8 లక్షలు. మిగతా 1.5 లక్షలు తెలిసినవాళ్లు నూటికి 3 రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. పని బాగా వచ్చినవాళ్లే ఎక్కువగా చేసే తప్పు ఇది. చేతిలో ఉన్నదంతా మెషీన్ మీద పెట్టేస్తారు, ఇంటికి ఏమీ మిగల్చరు. మీ 1.2 లక్షలు ఆరు నెలల ఇంటి ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. వాటిని ముట్టుకోకండి.

మీ పని సీజన్ మీకు తెలియనిది కాదు. ఎండాకాలంలో నీళ్లు అడుగంటి, మోటార్లు ఒట్టిగా తిరిగి బుష్‌లు అరిగిపోతాయి. అప్పుడు షాపు ముందు మోటార్లు వరసగా పడి ఉంటాయి. వానలు బాగా పడితే ఆ వరస కనపడదు. పైగా వేరుశనగ అమ్మేదాకా రైతు అరువు పెడతాడు, ఆయన్ని గట్టిగా అడగనూ లేరు. వడ్డీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

నూటికి 3 అంటే ఏడాదికి 36 శాతం. 1.5 లక్షలకు నెలకు 4,500, ఏడాదికి 54 వేలు. ఇంత కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. నగలు తాకట్టులో ఉండగా ఈ వడ్డీ అప్పుకు కూడా పోవడం ఏమిటి? ఆ మాట ఇప్పుడే మానుకోండి.

ఇక బీమా సంగతి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. బుష్ తన హౌసింగ్‌లో (అది కూర్చునే గుంతలో) కొంచెం వంకరగా కూర్చుందని వేలితో సరిచేస్తుండగానే ప్రెస్ దిగుతుంది. ఇత్తడి పొట్టు సూదుల్లా ఎగిరి కంట్లో పడుతుంది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా ఉన్నా, ఒక కన్ను చూపు లేదా ఒక చెయ్యి పూర్తిగా పోతేనే లక్ష ఇస్తారు. రెండు వేళ్లు నలిగి మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే అందులో ఏమీ రాదు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఆసుపత్రి బిల్లుకు పనికొస్తుంది, ఇంట్లో పాల ప్యాకెట్‌కు కాదు. అందుకే పని చేయలేని వారాలకు డబ్బిచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. మెషీన్ల మీద పని చేస్తానని దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి. దాచిపెడితే క్లెయిమ్ దగ్గర టెన్షన్ తప్పదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) కూడా షెడ్డుకు అడ్వాన్స్ ఇవ్వకముందే ఉండాలి.

అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రలో కిశోర్ విభాగం కింద 5 లక్షల దాకా అడగొచ్చు. కొత్తగా చిన్న యూనిట్ పెట్టేవాళ్లకు ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీకి అర్హత ఉందేమో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉచితం, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి.

ఈ ఏడాదికి ఉద్యోగం వదలకండి. ముందు ప్రెస్ ఒక్కటే కొని, బుష్‌లు బయట లేత్ మీద చేయించుకుని, సాయంత్రాలు వాటిని మోటార్లకు ఎక్కించే పని చేయండి. లేత్ బేరం వచ్చే ఎండాకాలం లెక్క చూశాక ఆడొచ్చు.