గడప దాటే వాకర్ తయారు చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. తుంటి ఆపరేషన్ అయిన వాళ్ల నానమ్మకు కొన్న వాకర్ ప్రతి గడప దగ్గరా ఆగిపోతోంది. మంచి వాకర్ తనే చేస్తానని, పెద్దవాళ్లకు తక్కువ ధరలో ఇలాంటివి తయారు చేసే పనిలోనే స్థిరపడతానని అంటోంది. ఏ కోర్సులో చేర్చమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సు సంగతికి ముందు, ఆ వాకర్ గడప దగ్గర ఎందుకు ఆగుతోందో మీ అమ్మాయిని లెక్క కట్టమనండి. ఇంటర్ ఫిజిక్స్ చాలు. చక్రం 5 అంగుళాలదైతే ఇరుసు నేలకు రెండున్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది. గడప 3 అంగుళాలుంటే ఎంత తోసినా ఆ చక్రం ఎక్కదు. ఒక్క అంగుళం ఎక్కాలన్నా, చక్రం మీద పడే బరువుకు దాదాపు 1.3 రెట్ల బలంతో ముందుకు తోయాలి. అలా తోయబోయి ఒళ్లు ముందుకు వాల్చినప్పుడే పడిపోయే ప్రమాదం. పోనీ పెద్ద చక్రం పెడదామంటే వాకర్ బరువు, వెడల్పు పెరుగుతాయి, బాత్రూమ్ తలుపులో పట్టదు. చక్రాలే లేని వాకర్‌ను ఎత్తి అవతల పెట్టొచ్చు, కానీ ఎత్తిన ఆ క్షణంలో మనిషికి ఆధారం ఉండదు.

కొన్ని ఇళ్లలో అసలు వాకర్ మార్చాల్సిన పనే ఉండదు. ఒకటికి పన్నెండు వాలుతో, అంటే 3 అంగుళాల గడపకు ఇటూ అటూ మూడేసి అడుగుల చెక్క ర్యాంపు, తలుపు పక్క గోడకు గట్టిగా బిగించిన, చేత్తో పట్టుకునే కడ్డీ సరిపోతాయి. ఈ జవాబు కూడా తనకు తట్టిందంటే ఈ రంగం ఆమెకు నప్పుతుంది.

ఇక చదువు. చాలామంది తల్లిదండ్రులు పేరు చూసి బయోమెడికల్ ఇంజినీరింగ్ వైపు వెళ్తారు. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో ఆ బ్రాంచి ఉంది, మంచిదే. కానీ ఈ బ్రాంచిలో సాధారణంగా ఎక్కువ భాగం సిగ్నళ్లు, ఇమేజింగ్, ఎలక్ట్రానిక్స్. పైపులు వంచి, కీళ్లు బిగించి, మనిషి నడక చూసి మార్చే పని తక్కువ. మీ అమ్మాయి చెప్పే పనికి రెండు దారులు దగ్గర. మొదటిది బీటెక్ మెకానికల్ చేసి, తర్వాత డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఎండిజైన్‌కు వెళ్లడం. రెండోది ఇప్పుడే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్ రాసి బీడిజైన్‌లో చేరడం. ఈ పరీక్షతో ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబే వంటి చోట్ల సీట్లు వస్తాయి. యూసీడ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయగలరు. పరీక్ష జనవరిలో, అంటే జేఈఈ మెయిన్ మొదటి విడత రోజుల్లోనే వస్తుంది కాబట్టి దరఖాస్తు గడువు ముందే చూసుకోండి. గుంటూరు దగ్గర మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష వేరు. ఎంపీసీ మార్కులు బాగుంటే మెకానికల్ దారే నా సలహా. బలం లెక్క తెలియకుండా గీసిన అందమైన వాకర్ మనిషి బరువు పడగానే వంగిపోతుంది. బొమ్మలు గీయడం, చేత్తో చేయడం ఆమెకు ప్రాణమైతే మాత్రం డిజైన్‌కే పంపండి.

కృత్రిమ అవయవాలు, క్యాలిపర్లు (బలహీనమైన కాళ్లకు ఆధారంగా కట్టే పట్టీలు) అమర్చే పని మీద మనసుంటే కటక్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థలో బీపీఓ (బ్యాచిలర్ ఇన్ ప్రోస్థటిక్స్ అండ్ ఆర్థోటిక్స్) అనే డిగ్రీ ఉంది. అది రోగులతో నేరుగా చేసే వృత్తి.

ఏ దారైనా, ఈ వేసవిలో ఒక నమూనా పూర్తి చేయించండి. ముందు ఇంటిని కొలవాలి: ప్రతి తలుపు వెడల్పు, ప్రతి గడప ఎత్తు, మంచం పక్క ఖాళీ, బాత్రూమ్‌లో మలుపు. తర్వాత నానమ్మను. ఇంట్లో వేసుకునే చెప్పులతో నిలబెట్టి, చేతులు వేలాడుతుండగా నేల నుంచి మణికట్టు దాకా కొలిస్తే అదే పిడి ఎత్తు. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి 15 నుంచి 30 డిగ్రీలు వంగాలి. ఎత్తు ఎక్కువైతే భుజాలు పైకి లేస్తాయి, తక్కువైతే నడుం వంగుతుంది.

ఒక వాకర్‌కు సుమారు 6 మీటర్ల పైపు పడుతుంది. 25 మి.మీ. వ్యాసం, 1.6 మి.మీ. మందం ఉన్న ఇనుప పైపైతే దాదాపు 5.5 కిలోలు, అదే కొలత అల్యూమినియమైతే 1.9 కిలోలు. అయినా మొదటి నమూనా ఇనుముతోనే చేయమనండి, వీధి చివర వెల్డింగ్ షాపులో అయిపోతుంది. గట్టిపరచిన అల్యూమినియాన్ని వెల్డ్ చేస్తే ఆ వేడికి అతుకు చుట్టుపక్కల బలం బాగా తగ్గుతుంది, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. అందుకే అల్యూమినియానికి మారినప్పుడు క్లాంపులు, బోల్టులు వాడడం మేలు. హైదరాబాద్‌లో టీ-వర్క్స్ వంటి ప్రోటోటైపింగ్ కేంద్రంలో మెరుగైన యంత్రాలు దొరుకుతాయి.

సాధారణంగా తప్పు జరిగేది చిన్న భాగాల దగ్గరే. ఎత్తు మార్చే స్ప్రింగ్ బటన్ రంధ్రంలోంచి పూర్తిగా బయటికి రాకపోతే బరువు పడగానే కాలు లోపలికి జారుతుంది. నాలుగు కాళ్లలో ఒకటి ఒక్క రంధ్రం తేడాగా ఉన్నా వాకర్ ఊగుతుంది. కాళ్ల కింది రబ్బరు బుష్‌లు అరిగి నున్నబడితే తడి టైల్స్ మీద జారతాయి, కాబట్టి ఎక్కడైనా దొరికే సైజే ఎంచుకోవాలి. మడత కీలులో రివెట్ వదులైతే పక్కకు ఊగడం మొదలవుతుంది.

పరీక్ష ఇసుక బస్తాలతో మొదలవ్వాలి. పిడుల మీద బరువు కట్టి, వాకర్‌ను పలక మీద పెట్టి, ఒక అంచు మెల్లగా లేపుతూ ఏ కోణంలో బోల్తా పడుతుందో నాలుగు దిక్కులా రాసుకోవాలి. చక్రాల్లేని వాకర్ల పరీక్షలకు ఐఎస్‌ఓ 11199-1 అనే ప్రమాణం ఉంది. ఫిజియోథెరపిస్టు పక్కన లేకుండా నానమ్మను మాత్రం కొత్త నమూనాతో ఒక్క అడుగు కూడా వేయించకండి.

ధర విషయం ఒకటి. దారిద్య్రరేఖకు దిగువనున్న వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా అందుతాయి. ఆ పథకం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది, పరికరాలు అందించేది కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలిమ్కో. మామూలు వాకర్‌నే ఇంకో వంద రూపాయలు తక్కువకు చేసి ప్రయోజనం లేదు. ఉచితంగా వచ్చిన వాకర్‌కే బిగించగల భాగం ఏదైనా ఆలోచించమనండి. మద్రాస్ ఐఐటీలో పునరావాస పరికరాలు తయారు చేసే ఆర్2డీ2 కేంద్రం నిలబెట్టే చక్రాల కుర్చీ ‘అరైజ్’ను ఎలా రూపొందించిందో కూడా ఆమె చదవాలి.

ఈ కొలతలు, విరిగిన నమూనాల ఫొటోలు, ఎందుకు విరిగాయో రాసిన నోట్సు తేదీలతో ఒక పుస్తకంలో పెట్టించండి. తర్వాత ఎండిజైన్ ఇంటర్వ్యూకైనా, ఇంటర్న్‌షిప్‌కైనా చూపించేది అదే.