అమ్మకి 46 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, నేను ఫుల్ ప్యాకేజీ టెస్టులు చేయించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయికి 12 ఏళ్లు. మా అమ్మకి 46 ఏళ్లప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు బాగానే ఉంది. నాకు నొప్పి గానీ గడ్డ గానీ ఏమీ లేవు, అయినా రాత్రిళ్లు అదే ఆలోచన. ఒక ల్యాబ్ వాళ్లు రక్తపరీక్షతోనే ఆడవాళ్ల క్యాన్సర్లన్నీ తెలిసిపోతాయంటున్నారు. చేయించుకోమంటారా?

జవాబు: ముందు ఆ ప్యాకేజీ సంగతి తేల్చేద్దాం. వద్దమ్మా. వాటిలో ఎక్కువగా ఉండేవి సీఏ 125 లాంటి ట్యూమర్ మార్కర్లే, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే పదార్థాలు. క్యాన్సర్ ఉందని ఆల్రెడీ తేలినవాళ్లకి ట్రీట్‌మెంట్ పనిచేస్తోందా లేదా చూడ్డానికి అవి బాగా పనికొస్తాయి గానీ, ఏ ఇబ్బందీ లేని మనిషిలో క్యాన్సర్‌ని వెతకడానికి కాదు. పీరియడ్స్‌లో ఉన్నా, ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో మామూలు గడ్డలు) ఉన్నా, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉన్నా సీఏ 125 పెరుగుతుంది, రిపోర్టులో ఆ నంబరు బోల్డ్‌లో కనపడగానే కళ్లనీళ్లతో పరిగెత్తుకొచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాం. పోనీ నార్మల్ వస్తే నిశ్చింతా అంటే అదీ లేదు, అండాశయ క్యాన్సర్ మొదటి స్టేజీలో దాదాపు సగం మందిలో అది పెరగనే పెరగదు.

ఇక అసలు భయం. అమ్మకి వచ్చింది కాబట్టి మీకు రిస్కు మామూలు కంటే సుమారు రెట్టింపు ఉంటుంది, నిజమే, కానీ రెట్టింపు అంటే ఖాయంగా వస్తుందని కాదు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. అందుకే "మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకెందుకు" అని ధీమాగా ఉండేవాళ్లని చూస్తే నాకు మీకంటే వాళ్ల గురించే ఎక్కువ బెంగ.

మామూలుగా మమోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, 40లో మొదలుపెడతాం. మీలాంటివాళ్లకి ఒక చిన్న లెక్కుంది, అమ్మకి ఎన్నేళ్లప్పుడు బయటపడిందో అందులోంచి 10 తీసెయ్యండి. 46లోంచి 10 పోతే 36, అంటే మీరు ఆల్రెడీ రెండేళ్లు లేటు, కంగారేం లేదు గానీ ఈ నెలలోనే వెళ్లండి. నిలబెట్టి రొమ్ముని రెండు ప్లేట్ల మధ్య కొన్ని సెకన్లు నొక్కి పెడతారు, ఒక్కోవైపు రెండు చొప్పున నాలుగు ఫొటోలు, అంతే. నొక్కేటప్పుడు కాస్త నొప్పిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను, అందుకే పీరియడ్స్ అయిన తర్వాతి వారం పెట్టుకుంటే సుఖం. చిన్న వయసులో రొమ్ము చిక్కగా ఉండి ఫిల్మ్ అంతా తెల్లగా కనపడుతుంది, గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది, తెల్ల మబ్బులో కొంగని వెతికినట్టు, అందుకని చాలాసార్లు అల్ట్రాసౌండ్ కూడా కలిపి రాస్తాం. రిపోర్టు చివర ఇచ్చే గ్రేడు, దాన్నే బైరాడ్స్ అంటారు, అది సున్నా అని ఉంటే హడలిపోకండి, ఇంకో ఫొటో కావాలని అర్థం తప్ప క్యాన్సర్ అని కాదు.

అమ్మకి 50 లోపే వచ్చింది కాబట్టి బీఆర్‌సీఏ జీన్ టెస్టు (వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ తెచ్చే జీన్ మార్పు ఉందేమో చూసేది) గురించి అడగండి, కాకపోతే ముందు అమ్మకి చేయించాలి, మీకు కాదు. ఆమెలో జీన్ మార్పు దొరికితే మీకూ మీ అన్నదమ్ములు అక్కచెల్లెళ్లకీ ఒక్కొక్కరికి అదే మార్పు ఉండడానికి సగం అవకాశం ఉన్నట్టు, అప్పుడు మీరు చేయించుకుంటే రిజల్ట్‌కి అర్థం ఉంటుంది. ఇది నాన్న వైపు నుంచి కూడా రావచ్చు, ఆ సంగతి చాలామంది అడగరు, మేనత్తల్లో ఎవరికైనా వచ్చిందేమో కనుక్కోండి.

మీరు అడగనిది ఒకటుంది, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. దాదాపు అన్నిటికీ కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అది సోకాక క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. మారకముందే పట్టుకోడానికి ఇంత టైమిచ్చే క్యాన్సర్ ఇంకోటి అరుదు. మీ వయసుకి హెచ్‌పీవీ టెస్టు అయిదేళ్లకోసారి, లేదా పాప్ స్మియర్ మూడేళ్లకోసారి చాలు. చిన్న బ్రష్‌తో కణాలు తీస్తారు, రెండు మూడు నిమిషాల పని. పాపకి 12 ఏళ్లన్నారు కదా, హెచ్‌పీవీ టీకాకి సరైన వయసు 9 నుంచి 14, ఇప్పుడే వేయించెయ్యండి, టీకా వేసుకున్నా పెద్దయ్యాక టెస్టు మాత్రం మానకూడదు.

అండాశయానికి ఇలా ముందే పట్టే నమ్మకమైన టెస్టు లేదు. రెండు మూడు వారాలుగా రోజూ పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం ఉంటే గ్యాస్ మాత్రలతో సరిపెట్టకుండా స్కానింగ్ చేయించండి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనపడ్డా చూపించుకోవాలి, ఇది అమ్మకి కూడా చెప్పండి.

ఇంకోటి, మమోగ్రామ్ రోజు చంకల్లో పౌడర్, డియోడరెంట్ వాడకండి, ఫిల్మ్ మీద తెల్ల చుక్కల్లా పడి లేనిపోని కంగారు పెడతాయి.